చెంబు చెప్పే పాఠం

మీ ఇంట్లో ఉన్న చెంబును ఒకసారి చేతిలోకి తీసుకుని పరీక్షగా చూడండి. దాని మెడ ఎందుకు సన్నగా ఉన్నది? వేళ్ళు చుట్టి పట్టుకోవటానికి. అంచు ఎందుకు బయటికి వంగి ఉన్నది? తడిచెయ్యి జారినా చెంబు కింద పడకుండా అంచు వేళ్ళకు అడ్డుతుంది. మరి పొట్ట? నీళ్ళు ఎక్కువ పట్టాలి గనక అది లావుగా ఉన్నది. ఇదంతా ఎవరో ఒక్కరు ఒక్కనాడు ఆలోచించినది కాదు. తరతరాలవాళ్ళు వాడుతూ, దిద్దుతూ వచ్చిన రూపం అది.

1958లో ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు భారత ప్రభుత్వం కోరగా ఒక నివేదిక రాసి ఇచ్చారు. మన దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలోకీ వారు ఎక్కువగా మెచ్చుకున్నది చెంబునే! కాని కొత్త యంత్రాలూ, కొత్త పరికరాలూ రోజూ పుట్టుకొస్తూంటే, వాటి రూపం కుదరటానికి తరతరాలు ఆగటం సాధ్యం కాదు. ఆ ఆలోచన చెయ్యటం నేర్చినవాళ్ళు కావాలి. అందుచేత 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

ఇంటర్మీడియెట్ తరవాత ఈ చదువు నాలుగేళ్ళు. మొదట బొమ్మలు గీయటం, రంగులు, ఆకారాలు నేర్పుతారు. తరవాత కర్ర, లోహం, ప్లాస్టిక్కులతో స్వయంగా నమూనాలు చెయ్యాలి. వాటిని జనం చేతికిచ్చి, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూసి మళ్ళీ దిద్దాలి. అమరావతిలోనూ, హైదరాబాదు ఐ.ఐ.టి.లోనూ కూడా డిజైన్ డిగ్రీ ఉన్నది. ప్రవేశపరీక్షలో బట్టీపట్టిన పాఠం పనికిరాదు. పరిశీలనా, ఊహా, గీతా కావాలి.

"బొమ్మలు గీస్తే ఏం లాభం?" అని పెద్దలు అడగవచ్చు. మనవాళ్ళు ఓటు వేసే యంత్రాన్ని చూడండి. చదువురానివారు కూడా గుర్తు చూసి, పక్కనున్న నీలం మీట నొక్కుతారు. ఎర్రదీపం వెలుగుతుంది, కూత వినిపిస్తుంది. ఓటు పడిందని ఎవరినీ అడగనక్కరలేదు. ఆ యంత్రానికి రూపం దిద్దినవారు బొంబాయి ఐ.ఐ.టి.లో డిజైన్ బోధించిన ఎ. జి. రావు, రవి పూవయ్య గార్లు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతా అటువంటి యంత్రాల మీదనే ఓటు వేసింది.

ఈ చదువు మీకు సరిపడుతుందేమో తెలుసుకోవాలని ఉన్నదా? మందుసీసా మూత ఒకటి చూడండి. కొన్ని మూతలను అదిమిపట్టి తిప్పితేగాని రావు. పసిపిల్లలు తెరిచి మందు తాగెయ్యకుండా అలా చేశారు. కాని వేళ్ళు నొప్పులు పుట్టే అమ్మమ్మకు కూడా అది రాదు! పసివాడికి రాకూడదు, అమ్మమ్మకు రావాలి. ఎలా? మట్టితోనో, అట్టతోనో మూడు రకాల మూతలు చేసి అమ్మమ్మ చేతికివ్వండి. ఆమె వేళ్ళు ఎలా కదులుతున్నాయో చూడండి. మూడూ పనికిరాకపోయినా, నాలుగోది చెయ్యాలని మీకు అనిపిస్తే, ఈ చదువు సంగతి ఇంట్లో అమ్మా నాన్నలతో మాట్లాడండి.