అమ్మ అరచేతిలో మూడు మాత్రలు

మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరుగారు అమ్మకి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ రాశారు. మూడు రోజులు వాడినా మంట తగ్గలేదు. నాలుగో రోజు పొద్దున పక్కన కూర్చున్నాను. ఇడ్లీ తిని స్టీలు డబ్బా తెరిచింది. అరచేతిలో సిప్రో, మోకాళ్ల నొప్పులకి వాడే సుద్దముక్కలాంటి క్యాల్షియం బిళ్ల, ఎర్రటి ఐరన్ మాత్ర. మూడూ ఒక్క గుక్కలో మింగేసింది.

"ఇన్నిసార్లు ఎక్కడ మింగనురా, ఒకేసారి వేసుకుంటే ఓ పనైపోతుంది" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. సిప్రో అణువులో పక్కపక్కనే ఉన్న ఆక్సిజన్లు క్యాల్షియం, ఐరన్, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్ లాంటి లోహాలు కనబడితే గట్టిగా పట్టేసుకుంటాయి. దీన్ని కీలేషన్ అంటారు. పీత డెక్క అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది. అలా చిక్కుకున్న మందు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేక చాలావరకు మలంతో పోతుంది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటిబయాటిక్ వాడినవాళ్ల పళ్లు పచ్చబడేదీ ఈ పట్టు వల్లే. ఎదుగుతున్న పంటిలోని క్యాల్షియాన్ని మందు అంటిపెట్టుకుంటుంది.

నష్టం కొద్దిపాటిది కాదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ టానిక్‌తో కలిపి తాగితే ఒంటికి పట్టే సిప్రో 90 శాతం దాకా పడిపోవచ్చు. గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో ఉండేది 60 మిల్లీగ్రాముల ఐరన్. అంత ఐరన్‌తో కలిపి వేసుకుంటే సెఫ్డినిర్ అనే మరో యాంటిబయాటిక్ 80 శాతం తక్కువగా ఒంటికి పడుతుంది. స్క్రబ్ టైఫస్‌కి వాడే డాక్సీసైక్లిన్ సంగతి మరీ వింత. నరానికి ఎక్కించినా అది పైత్యరసంతో మళ్లీ పేగులోకి దిగుతుంది, అక్కడున్న ఐరన్‌కి దొరికిపోతుంది. కాబట్టి ఆ మందు వాడినన్నాళ్లూ ఐరన్ సంగతేమిటో డాక్టరే తేల్చాలి.

అరకొర మోతాదుతో క్రిములు చావవు సరికదా, తట్టుకోవడం నేర్చుకుంటాయి. నన్ను బాధపెట్టేది అదే. మందు మంచిదే, మనిషి మానకుండా వేసుకున్నదే, అయినా వృథా.

అన్ని యాంటిబయాటిక్‌లకీ ఈ ఇబ్బంది లేదు. అమాక్సిసిలిన్‌కి ఐరన్, క్యాల్షియంతో పేచీ లేదు. సిప్రో అయితే ఈ బిళ్లలకి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. మందుల షాపు కవరు మీద 1-0-1 అని రాస్తారు గానీ ఈ ఎడం సంగతి రాయరు. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని డాక్టరు అడిగినా మనవాళ్లు బలం బిళ్లల పేరెత్తరు. వాటిని మందుల్లో లెక్కే వేయరు. అలాగని ఐరన్ ఎవరికివారు మానేయకూడదు, గర్భిణులు అసలే వద్దు.

డాక్టరుగారికి ఫోన్ చేసి వేళలు మార్చాం. సిప్రో పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి. మిగతా రెండూ మధ్యాహ్నం ఒంటిగంటకి. అమ్మ కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకుని, కాసేపు ఆలోచించి అడిగింది.

"మరి సిప్రో పాలతో వేసుకోవచ్చా?"

"వద్దమ్మా, పాలలోనూ క్యాల్షియమేగా. మాత్ర మంచినీళ్లతో వేసుకో. పాలు తొమ్మిదిన్నరకి తాగు."