ఎక్స్‌చేంజి చదువు వేరు, ఏజెంటు చదువు వేరు

మన వేటపాలెం, చీరాల పక్కల ఏ డిగ్రీ పిల్లోణ్ణి అడిగినా ఫారిన్ చదువంటే ఒకటే లెక్క చెప్తాడు. కన్సల్టెన్సీ, బ్యాంకు లోను, వీసా, ఆనక ఉద్యోగం. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టాలి, ఎకరమో అరెకరమో మిర్చి చేను ఉంటే అదీ పెట్టాలి. ఇంకో దారి కూడా ఉంది. దాని పేరు ఎక్స్‌చేంజి. దాని సంగతి ఏజెంటు చెప్పడు. ఎందుకంటే దాంట్లో ఆయనకి కమీషన్ రాదు.

ఎక్స్‌చేంజి అంటే ఏంది?

ఇక్కడి కాలేజీకీ అక్కడి యూనివర్సిటీకీ మధ్య ఒప్పందం ఉంటుంది. మన పిల్ల ఒక సెమిస్టరో, ఏడాదో అక్కడ చదువుతుంది. అక్కడి పిల్ల ఇక్కడికొచ్చి చదవచ్చు. మామూలుగా ఎవరి ఫీజు వాళ్ల సొంత కాలేజీకే కడతారు, అవతల మళ్లీ ట్యూషన్ ఫీజు ఉండదు. అక్కడ రాసిన పరీక్షల క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. గడువు కాగానే తిరిగి రావాలి.

అమెరికాలో వీసా కూడా వేరే. డిగ్రీ కోసం సొంతంగా పోయేవాళ్లది ఎక్కువగా ఎఫ్-1, ఎక్స్‌చేంజి వాళ్లది జె-1. సర్కారు డబ్బుతో జె-1 మీద పోతే, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న షరతు పడుతుంది. అది తీరకుండా హెచ్-1బి గానీ, గ్రీన్ కార్డు గానీ రావు. ఈ సంగతి పోయేముందే తెలుసుకోవాలి, పోయాక కాదు.

పేదోళ్లకి కుదిరేదేనా?

కుదురుతుంది. అమెరికా సర్కారు నడిపే కెన్నెడీ-లూగర్ యస్ ప్రోగ్రాం కింద హైస్కూలు పిల్లలు ఒక విద్యా సంవత్సరం అక్కడి కుటుంబం ఇంట్లో ఉండి చదువుకుంటారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కొందరు ఇట్టా పోయి వచ్చారు. కూలోళ్ల పిల్లలు కూడా ఈ దారిన పోవచ్చు.

పీజీకి యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ ఉంది. ఒకే కోర్సుని కనీసం రెండు దేశాల్లో చదవాలి. స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు ఉండదు, పైగా నెలకి 1,400 యూరోలు ఇస్తారు. దరఖాస్తు నేరుగా ఆ యూనివర్సిటీలకే పెట్టుకోవాలి, మధ్యలో ఎవరూ అక్కర్లేదు.

ఎక్స్‌చేంజి కాకపోయినా, మన కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి కూడా తెలియాలి. ఇది పీజీకీ, పీహెచ్‌డీకీ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. సీట్లు 125. అందులో 115 ఎస్సీలకి, 6 సంచార జాతులకి. భూమి లేని వ్యవసాయ కూలీలకీ, సంప్రదాయ చేతివృత్తులోళ్లకీ కలిపి 4. దేశం మొత్తానికీ నాలుగు! చేతివృత్తి అంటే మనకి ముందు గుర్తొచ్చేది మగ్గమే గదా. మన వేటపాలెం మగ్గాల ఇళ్లు చాలు ఆ నాలుగూ నిండటానికి, మరి మిగతా దేశం సంగతేంటి?

ఇంకోటి. 2022లో ఈ స్కాలర్‌షిప్‌కి కొత్త రూలు తెచ్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, మన దేశం మీద సామాజిక అధ్యయనాలు చదువుతానంటే డబ్బు ఇవ్వరంట. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. 1916లో అక్కడ ఆయన చదివిన వ్యాసం భారతదేశంలో కులాల గురించే. ఈ రూలు ఆనాడుంటే ఆ చదువుకి చిల్లిగవ్వ వచ్చేది కాదు.

పెద్ద ఊళ్లో బతుకు

సీటు వచ్చింది, విమానం ఎక్కావనుకో. ముందు పడే దెబ్బ అద్దె. లండన్, న్యూయార్క్ లాంటి ఊళ్లలో స్కాలర్‌షిప్ డబ్బుల్లో పెద్ద ముక్క గదికే పోతుంది. అందుకే మొదట యూనివర్సిటీ హాస్టల్‌కే పెట్టుకోవాలి. బయట గది చూడకుండా ఆన్‌లైన్‌లో అడ్వాన్సు పంపమాకండి. అద్దె కాగితం మీద మీ పేరు లేకపోతే ఆ గది మీది కాదు.

రెండోది పని. అమెరికాలో ఎఫ్-1 వాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలు మించకుండా చెయ్యాలి. జె-1 వాళ్లకి దానికి కూడా ముందు అనుమతి కావాలి. తెలిసినాయన కొట్లోనో, పెట్రోలు బంకులోనో చేతికి డబ్బులిస్తారని చేస్తే, దొరికిన రోజు జీతంతో పాటు వీసా కూడా పోతుంది. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. కానీ వీసాకి ఏడాది ఖర్చు 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంటులో చూపించాలి. మన లెక్కలో 11, 12 లక్షల దాకా. ఫ్రీ చదువన్నవాడు ఈ ముక్క ముందు చెప్పాలి గదా.

మూడోది మనసు. డిసెంబరులో లండన్‌లో, బెర్లిన్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. పక్క గదోడు పలకరించడు. తెలుగోళ్లతోనే ఉంటే ధైర్యంగా ఉంటది, కానీ వాళ్లతోనే ఉంటే ఎక్స్‌చేంజి ఎందుకు? ఆ ఊరి లైబ్రరీ కాడికి, క్లాసులో పక్కోడి కాడికి పోవాలి. కష్టమొస్తే దాచుకోకుండా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో చెప్పాలి. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో పేరు ముందే నమోదు చేసుకోవాలి.

ఏజెంటు మాట నమ్మితే

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. 1,500 మందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ వాళ్లు. సగానికి పైగా ఒకే అపార్టుమెంటు అడ్రసులో ఉన్నట్టు రాసుకున్నారు. కొందరు పిల్లల కాళ్లకి రేడియో కాలర్లు తగిలించారు. ఆ యూనివర్సిటీ యజమానికి 2014లో 16 ఏళ్ల జైలు పడింది.

2019లో ఇంకా ఘోరం. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అమెరికా అధికారులే ఉచ్చుగా పెట్టారు. క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు. తొలి విడతలో పట్టుకున్న 130 మందిలో 129 మంది మన దేశం వాళ్లే, అందులో తెలుగు పిల్లలు చాలామంది. చేర్పించిన ఎనిమిది మంది మధ్యవర్తుల మీద కేసులు పెట్టారు. ఉచ్చు పెట్టిన సర్కారుదీ తప్పే, చేర్పించినోళ్లదీ తప్పే. అప్పు మాత్రం అమ్మానాన్నలకి మిగిలింది. క్లాసులు జరగని కాలేజీ చదువు కోసం కాదు. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు.

అడగాల్సింది మనమే

మన పక్క చీరాలలో 1921లో పన్నుల మీద పదమూడు వేల పైచిలుకు జనాన్ని ఊరు ఖాళీ చేయించి రామనగరంలో నిలబెట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చినాయనే. అక్కడ చదివాడు, ఇక్కడి జనంలోకి వచ్చాడు. పోవటం తప్పు కాదు. అప్పుల్లో పడి, రాలేక ఇరుక్కుపోవటమే నష్టం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు కాలేజీకి పోయి ప్రిన్సిపాల్‌ని మూడు అడగండి. మన యూనివర్సిటీకి ఏ దేశంతో ఎక్స్‌చేంజి ఒప్పందం ఉంది? గత మూడేళ్లలో ఎంతమందిని పంపారు? ఎంపిక ఎట్టా చేస్తారు? జవాబు నోటీసు బోర్డు మీద పెట్టమనండి. పెట్టకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి యూనివర్సిటీని అడగండి. గాంధీ 1929లో పునాదిరాయి వేసిన సారస్వత నికేతనం మన ఊళ్లోనే ఉంది. అక్కడ కూర్చుని నలుగురూ కలిసి ఆ దరఖాస్తు రాయండి. లక్షల లోను కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ పది రూపాయల పని చెయ్యండి.