ఇంటికి ఒక్క ఫోను

తెల్లవారకముందే తండ్రి కూలిపనికి బయలుదేరును. ఇంట గల ఒకే ఒక స్మార్ట్‌ఫోను ఆయన చొక్కాజేబులో పోవును. మేస్త్రీ పిలిచినపుడు పలుకకున్న మరునాటి పని దక్కదు. పాఠము ఉదయము పది గంటలకు. ఫోను ఇల్లు చేరునది దీపాలవేళకు. 2020లో కరోనా వలన బడులు మూతపడిన నెలలలో ఎన్ని కూలివారి ఇండ్లలోనో జరిగిన కథ ఇది.

ఆ యేడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఆ పని చేసినది. మంచి ప్రయత్నమే. కాని సందేహము అడుగుదమన్న టెలివిజన్‌కు చెవులు లేవు గదా! వ్రాసినది పంతులుగారికి చూపుటకు మరల ఫోనే దిక్కైనది.

1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరముపాటు జరిగిన 'సైట్' ప్రయోగమున, ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ అందినది. నాడు పెట్టె ఊరుమ్మడిది. అందరును దాని ముందే కూర్చుండిరి. నేటి లోటు అట్టిది కాదు. పొరుగింటి బిడ్డకు పాఠము అందినదని తెలిసియు, తనకు అందని బిడ్డ మరునాడు తలవంచుకొని తిరుగవలెను.

2017-18 నాటి జాతీయ నమూనా సర్వే లెక్కలో కంప్యూటరు గల ఇండ్లు పట్టణములలో నూటికి 23.4, పల్లెలలో 4.4 మాత్రమే. పిమ్మట ఫోనులు వేగముగా వ్యాపించినవి. 'అసర్' నివేదికల ప్రకారము గ్రామములలో బడిపిల్లలున్న ఇండ్లలో స్మార్ట్‌ఫోను గలవి 2018లో 36.5 శాతము, 2021లో 67.6 శాతము. సంతోషింపవలసిన అంకెయే. అయితే ఆ 2021 నివేదికలోనే మరియొక అంకె కలదు: ఫోనున్న ఇండ్లలోని పిల్లలలో సైతము 26.1 శాతమునకు అది చేతికి అందలేదు.

చదువురాని తల్లి ఏమి సాయము చేయగలదని పెదవి విరుచువారు కలరు. 2020 నాటి అసర్ సర్వే వారి మాటను నిలువనీయదు. తల్లిదండ్రులిద్దరును ప్రాథమిక విద్యకు మించి చదువని ఇండ్లలో సైతము సగమునకు పైగా పిల్లలకు ఇంటివారి తోడ్పాటు లభించినది. అందు అక్కల, అన్నల పాలు ఎక్కువ. అక్షరము రాని తల్లి "ఏదీ, పైకి చదువుము" అని ప్రక్కన కూర్చుండుటయు బోధనలో భాగమే. ఉపాధ్యాయులలో కొందరు దీనిని ఇంకను గుర్తింపకున్నారు.

బడులు తెరచి సంవత్సరములు గడచినవి. ఇంటిపని మాత్రము పలుచోట్ల నేటికిని వాట్సాప్‌లోనే వచ్చుచున్నది. తండ్రి వచ్చి కాళ్లు కడుగుకొనులోపల అక్క ఫోనందుకొనును. తమ్ముడు పలకతో ప్రక్కన కాచుకొనును. వాని వంతు వచ్చునప్పటికి అందులో ఛార్జి ఎంత మిగులునో!