మండువా లోగిలిలో గాలి నడక

జొన్నాడ మొదలుకొని గౌతమికి ఇరువైపుల గల పల్లెలలో పాత మండువా లోగిళ్ళు ఇంకను కొన్ని నిలిచియున్నవి. నలుదిక్కుల గదులు, వాటి ముందు స్తంభముల వసారాలు, నట్టనడుమ ఆకాశమునకు తెరచిన మండువా. పెంకుల కప్పు నాలుగువైపుల నుండి లోనికి వాలి వాననీటిని మండువాలోనే కుమ్మరించును. ఇంటి నడుమ వాన కురియుటేమని క్రొత్తవారికి వింతగా తోచవచ్చును.

మధ్యాహ్నపుటెండ మండువా నేలపై పడి, దాని నంటియున్న గాలిని వేడిచేయును. వేడెక్కిన గాలి వ్యాకోచించి, తేలికయై పైకి పోవును. ఆ చోటు నింపుటకు వీధివాకిలి, పెరటివాకిలి, గదుల కిటికీల గుండ వేరుగాలి లోనికి వచ్చును. భౌతికశాస్త్రములో దీనిని సంవహనమందురు. రాత్రివేళ కథ తిరుగబడును. పెంకులును నేలయు తమ వేడిని ఆకాశమునకు వికిరణము చేసి చల్లబడగా, చల్లని బరువైన గాలి మండువాలోనికి దిగి వసారాలలో ప్రాకును. వేసవిలో ఇంటిల్లిపాదియు మంచములు అక్కడికి చేర్చుకొనుట ఇందుకే.

పొడినేలలలో నీళ్ళు చల్లుకొన్నను కొంత చల్లదనము కలుగును. నీరు ఆవిరియగునపుడు గ్రామునకు సుమారు 580 కెలోరీల వేడిని లాగుకొనును. కాలువలు, వరిచేల నడుమనున్న కోనసీమలో గాలియే తేమతో నిండియుండును. ఒంటి చెమటయే త్వరగా ఆరదు. కావున ఇచ్చట గాలిని కదల్చుటయే ప్రధానము.

చలిదేశమున ఈ సూత్రమే వేరొక ఫలమిచ్చును. ఇంగ్లండులోని డెర్బీషైరులో 1590–97 నడుమ కట్టిన హార్డ్విక్ భవనపు గోడలలో చాలభాగము గాజు కిటికీలే. అట్టి భవనములలో చలి కాచుకొనుటకు గోడలలో పొయ్యిలు అమర్చిరి. పొగగొట్టములో పైకి పోవు వేడిగాలి గదిలోని వెచ్చని గాలిని సైతము వెంట లాగుకొనిపోవును. మండువాలో మేలు చేయు పనియే అచ్చట నష్టము.

వాననీటి లెక్క చూడుడు. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన పడిన 1 లీటరు నీరగును. 60 చదరపు మీటర్ల మేర పడిన వాన మండువాలోనికి జారునట్లున్నచో, 50 మిల్లీమీటర్ల వానకు 3000 లీటర్లు అందు చేరును. తూము పూడినచో నీరు వసారా యెక్కును. ఈ బాధ పడలేక మండువాపై రేకులు వేయించినవారు కలరు. వాన ఆగినది, గాలియు ఆగినది! పైగా రేకు పగలంతయు కాగి వేడిని క్రిందికి వెదజల్లును.

గోడలకును ఇట్టి ఇక్కట్టే. గానుగ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడును. దాని సన్నని రంధ్రముల గుండ గోడలోని చెమ్మ వెలికి పోవును. దానిపై సిమెంటు పూసిన చెమ్మ లోపలనే చిక్కి, ఉప్పు పేరుకొని, పూత రాలును. మేస్త్రీని నిందించి లాభములేదు; సున్నపు గానుగలే కరవైనవి.

మండువాను నిలుపుకొనదలచినవారు ముందుగా తూము బాగుచేయించి, చెదరిన పెంకులు నేయించవలెను. వాన బాధ మరీ యెక్కువైనచో, పెంకుల చూరునకు మూడడుగుల యెత్తున, ప్రక్కలు తెరచియుంచి చిన్న కప్పు వేయవచ్చును. అపుడు జల్లు తగ్గును, వేడిగాలి పోవుటకు దారియు మిగులును.