చల్లటి కప్పు.. చక్కటి కొలువు!

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. రేకుల గదిలో కూర్చుని పోటీ పరీక్షకు చదువుతుంటే ఫ్యాన్‌ నుంచి వచ్చేది గాలి కాదు, వడగాలి. పోనీ స్లాబు ఇల్లు సుఖమా అంటే అదీ లేదు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి పది దాటాక కూడా ఆ వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది. ఈ ఉక్కపోత మనలో చాలామందికి అనుభవమే. తక్కువ ఖర్చుతో దీన్ని తగ్గించే పని ఇప్పుడు ఒక ఉపాధి మార్గంగా రూపుదిద్దుకుంటోంది. రంగు ఎవరైనా వేస్తారు. ఏ కప్పుకు ఏది సరిపోతుందో చెప్పి, తేడాను కొలిచి చూపించేవాళ్లే తక్కువ.

గిరాకీ ఎక్కడి నుంచి?

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో అయిదేళ్ల కూల్‌ రూఫ్‌ విధానాన్ని విడుదల చేసింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు మాత్రం యజమాని ఇష్టం. చదరపు మీటరుకు సుమారు రూ.300 ఖర్చవుతుందని అంచనా. ఆ లెక్కన వెయ్యి చదరపు అడుగుల డాబాకు దాదాపు రూ.28 వేలు.

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఎక్కువగా మగ్గిపోయేది చిన్న ఇళ్లవాళ్లే. వాళ్లకు నిబంధన వర్తించదు, డబ్బు కూడా చూసుకుని ఖర్చుపెట్టాలి. నమ్మకం కలిగితేనే ముందుకొస్తారు. ఆ నమ్మకం కలిగించగలిగే యువతకు ఇక్కడ చోటుంది.

రెండు పద్ధతులు.. రెండు పనులు

ఇంటర్వ్యూలో తడబడేది ఇక్కడే. ఎండను వెనక్కి పంపడం ఒకటి, లోపలికి దిగే వేడిని అడ్డుకోవడం మరొకటి.

మొదటిది తెల్లపూత పని. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు ఉంటుంది. మామూలు సిమెంటు డాబా అందులో సుమారు మూడింట రెండు వంతులు పీల్చుకుంటుంది. మంచి తెల్లపూత కొత్తలో అయిదో వంతే పీలుస్తుంది. ఇంధన పొదుపు భవన నియమావళి (ఈసీబీసీ-2017) ప్రకారం వాలు తక్కువున్న కప్పు కొత్తలో కనీసం 60 శాతం ఎండను తిప్పికొట్టాలి. పీల్చిన వేడిని వదిలేసే గుణం 0.9కి తగ్గకూడదు.

రెండోది ఇన్సులేషన్‌. 5 సెంటీమీటర్ల థర్మాకోల్‌ చేసే అడ్డుకట్టకు సమానం కావాలంటే 2 మీటర్లకు పైగా మందమున్న కాంక్రీటు వేయాలి! అయితే థర్మాకోల్‌కు ఎండ పడదు, మంట తగిలితే అంటుకుంటుంది. కాబట్టి దాన్ని బయటికి కనిపించేలా వదలకుండా పైన కాంక్రీటు పొర వేయాలి. డాబా మీద కుండలు బోర్లించి పైన సున్నం, ఇటుక ముక్కలతో కప్పే పాత పద్ధతిలోని సూత్రమూ ఇదే. కుండలో చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది.

ఏ కప్పుకు ఏది?

* సున్నం: అన్నిటికన్నా చవక. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి.
* తెల్ల టైల్స్‌ ముక్కలు: డాబాలకు బాగుంటాయి, ఏళ్ల తరబడి మన్నుతాయి. బరువు, నీటి వాలు ముందే చూసుకోవాలి.
* రిఫ్లెక్టివ్‌ పెయింట్‌: స్లాబుకైతే ముందు పగుళ్లు పూడ్చాలి, ఇనుప రేకుకైతే తుప్పు తీయాలి. దుమ్ము పట్టేకొద్దీ పనితనం తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి.
* సిమెంటు రేకులు: పాతవాటిలో ఆస్‌బెస్టాస్‌ ఉంటుంది. గీకడం, రుద్దడం వద్దు.. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. రేకు మీద నేరుగా అడుగు వేసినా విరిగి పడిపోవచ్చు. పలకలు వేసుకునే నడవాలి.

కొలిస్తేనే కొలువు

2017లో హైదరాబాద్‌లో 25 పేదల ఇళ్ల కప్పులపై చల్లబరిచే పొర పరిచి చూశారు. లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. చిన్న అంకెలా అనిపించవచ్చు. ఏసీ లేని ఇంట్లో పసిపిల్లలకు, ముసలివాళ్లకు అదే పెద్ద ఊరట. కొన్ని ప్రకటనల్లో మాత్రం కప్పు ఉపరితలం మీద తగ్గిన డిగ్రీలను గది చల్లదనంగా చెప్పేస్తుంటారు. ఈ రెంటికీ తేడా చెప్పగలిగితే మీరు సగం నెగ్గినట్టే.

ఫైనలియర్‌ ప్రాజెక్టుగా దీన్నే చేసి చూడండి. హాస్టల్‌ పై అంతస్తులో ఒకే కొలత, ఒకే దిక్కున్న రెండు గదులు ఎంచుకోండి. రెండిట్లో ఒకే రకం థర్మామీటర్లు పెట్టి వారం పాటు గంట గంటకూ రాసుకోండి. తర్వాత ఒక గది కప్పుకే పూత వేయించి మరో వారం కొలవండి. ముందు వారం రెండు గదుల మధ్య ఉన్న తేడాను తీసేస్తే మిగిలేదే పూత పనితనం. ఫలితం అర డిగ్రీ వచ్చినా అలాగే రాయండి.

ఎవరికి ఏ దారి?

‘కూల్‌ రూఫ్‌ ఇంజినీర్‌ కావలెను’ అని నోటిఫికేషన్‌ పడుతుందని ఎదురుచూడొద్దు. పని వేరే పేర్లతో ఉంటుంది. ఐటీఐ, డిప్లొమావాళ్లకు పెయింట్‌, వాటర్‌ప్రూఫింగ్‌ సంస్థల్లో సైట్‌ సూపర్‌వైజర్లుగా, లేదా సొంతంగా కాంట్రాక్టులు చేసే అవకాశం ఉంది. సివిల్‌, మెకానికల్‌, ఆర్కిటెక్చర్‌వాళ్లు గ్రీన్‌ బిల్డింగ్‌ కన్సల్టెన్సీల వైపు చూడవచ్చు. అమెరికా ఇంధన శాఖ ఉచితంగా ఇస్తున్న ఎనర్జీప్లస్‌ సాఫ్ట్‌వేర్‌ నేర్చుకుంటే రెజ్యుమెకు బలం. హైదరాబాద్‌ కేంద్రంగా ఉన్న ఐజీబీసీ అక్రెడిటెడ్‌ ప్రొఫెషనల్‌ పరీక్ష నిర్వహిస్తుంది. కొన్నేళ్ల అనుభవం వచ్చాక బీఈఈ ఎనర్జీ ఆడిటర్‌ సర్టిఫికేషన్‌కు వెళ్లొచ్చు. పీజీ ఆలోచన ఉన్న ఆర్కిటెక్చర్‌ విద్యార్థులకు విజయవాడ ఎస్‌పీఏలో సస్టెయినబుల్‌ ఆర్కిటెక్చర్‌ కోర్సు ఉంది. ఎలక్ట్రానిక్స్‌, కంప్యూటర్స్‌ వాళ్లకు సెన్సర్లు, డేటా నమోదు పని.

ఈ వేసవిలో రెండు థర్మామీటర్లు, ఒక నోటుబుక్కుతో మొదలుపెట్టండి. మొదటి ప్రయోగశాల మీ ఇంటి డాబానే. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌ పక్కన ఆ నోటుబుక్కు కూడా పెట్టండి.