టెలివిజన్ అంగడి

వీధి అంగడిలో వస్తువును చేతబట్టి పరిశీలింతుము, బేరమాడుదుము. టెలివిజన్ అంగడిలో ఆ రెండును లేవు. అచట ముందు హెచ్చు ధర చూపి, పిదప సగమునకే యిచ్చుచున్నామందురు. గడియ మించిన దొరకదని తొందరపెట్టుదురు. వాడి మేలుపొందితిమని కొందరిచే చెప్పింతురు. ఆలోచించుటకు వ్యవధి నీయకుండుటయే వారి యుపాయము.

మహారాష్ట్రమున "హనుమాన్ చాలీసా యంత్రము" ఇట్లే టెలివిజన్‌లో ప్రకటింపబడగా, ఒక ఉపాధ్యాయుడు న్యాయస్థానము నాశ్రయించెను. అద్భుతశక్తులు కలవని చెప్పి యట్టి వస్తువులను ప్రకటించుట, అమ్ముట 2013 నాటి రాష్ట్ర శాసనమునకు విరుద్ధమని బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2021లో తీర్పు చెప్పెను.

విద్యార్థులారా! మన భాషలో పలికినంతమాత్రమున అమ్మువాడు మనవాడు కాడు. మీ పెద్దలు ఫోను చేయబోవునపుడు, ఒక్క దినము ఆగి, అట్టి వస్తువు ధరను ఊరి అంగడిలో విచారింపుడని చెప్పుడు. మోసపోయినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.