చదరంగం బల్ల పక్కన మళ్ళీ మాటలు

1856లో ఈస్టిండియా కంపెనీ సేనలు అవధ్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకుంటున్న వేళ లక్నోలో ఇద్దరు జాగీర్దార్లు చదరంగం ముందు కూర్చున్నారు. ఎత్తు దగ్గర మొదలైన తగాదా మాటామాటా పెరిగి, తాతముత్తాతల గౌరవం దాకా పోయింది. చివరికి ఇద్దరూ ఒకరి కత్తికి ఒకరు బలయ్యారు. ఇది ప్రేమ్‌చంద్ 1924లో ప్రచురించిన కథ. 1977లో సత్యజిత్ రాయ్ దానిని చలనచిత్రంగా తీసినప్పుడు ఆ మిత్రులను బతికించారు. తగాదా చల్లారిన తరువాత మళ్ళీ బలగం పేర్చి ఆటకు కూర్చోబెట్టారు. కథ గొప్పదే కాని, ఆట తెలిసినవారికి రాయ్ ముగింపే నమ్మదగినదిగా తోస్తుంది. చదరంగం స్నేహితులు ఎంత తిట్టుకున్నా మరో ఆటకు మిగిలే ఉంటారు.

మన దేశంలో ఈ ఆటకు మొదటినుంచీ రెండు ముఖాలున్నాయి. ఒకటి పోటీ మందిరం. అక్కడ ప్రత్యర్థి ఏకాగ్రతకు భంగం కలిగించడమే నియమ విరుద్ధం. డ్రా కోరాలన్నా ముందు ఎత్తు వేసి, ఆ తరువాతే ఒక్కమాటలో అడగాలి. రెండవది వీధి అరుగు. అక్కడ ఆడేవారు ఇద్దరైతే ఆడించేవారు పదిమంది. బంటు జరిపితే ఒక వ్యాఖ్య, గుర్రం దూకితే మరొకటి. మంత్రిని పోగొట్టుకున్నవాడికి ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా పరామర్శలు తప్పవు. అంతర్జాతీయ పతకాలు మొదటి ముఖానికే వచ్చినా, ఆటగాళ్ళు తయారైంది మాత్రం చాలావరకు రెండవచోటే.

విశ్వనాథన్ ఆనంద్ ఇందుకు సాక్షి. 1970 దశకంలో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో మాన్యువల్ ఆరన్ చొరవతో నడిచిన తాల్ చెస్ క్లబ్బులో బాలుడు ఆనంద్ మెరుపు ఆటలు ఆడాడు. ఓడినవాడు లేచిపోవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. తన వంతు కోసం వెనుక నిలబడి ఉన్నవారు ఊరికే ఉండరు కదా! 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టరైన ఆనంద్ చేతివేగానికి ఆ కుర్చీ పోతుందన్న భయమే గురువని చెప్పవచ్చు. కొల్‌కతాలో గరియాహాట్ పైవంతెన కింద వెలసిన చదరంగం స్థావరానిదీ అదే బాణీ. పైన వాహనాల రొద, కింద బెంగాలీల కబుర్లు, నడుమ గడియారపు టిక్కుటిక్కులు.

అరుగు తెర మీదికి

ఈ అరుగును కంప్యూటరు తెర మీదికి తెచ్చే ప్రయత్నం 1992లో అమెరికాలో మొదలైంది. దూరాన ఉన్నవారు ఆడుకునేందుకు ఆ ఏడాది ఏర్పడిన ఇంటర్నెట్ చెస్ సర్వర్ 1995 నాటికి చందాలు వసూలు చేసే సంస్థగా మారింది. 2007లో చెస్.కామ్ వచ్చింది. 2010లో ఒక ఫ్రెంచి ప్రోగ్రామర్ లీచెస్‌ను నెలకొల్పి అందరికీ ఉచితంగా తెరిచాడు. అంతకుముందు దూరపు మిత్రులకు తపాలా కార్డే గతి. ఒక్కో ఎత్తుకు ఒక్కో కార్డు, ఒక్కో ఆటకు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. కార్డు మూలన రాసిన ఎకసెక్కానికి బదులు రావాలంటే పదిహేను రోజులు ఆగాలి. ఇంటర్నెట్ ఆ నిరీక్షణను తీసివేసింది. మూడు నిమిషాల ఆటలో మూడు డజన్ల ఛలోక్తులకు చోటిచ్చింది. ఓటమికి కొత్త సాకునూ ప్రసాదించింది. చేయి తొందరపడి పావు తప్పు గడిలో పడితే ఇప్పుడు దోషం ఆటగాడిది కాదు, మౌసు జారిపోయింది!

ఏమైనా, భారతదేశంలో ఈ వినోదం వేల ఇళ్ళకు చేరింది మాత్రం 2020 లాక్‌డౌన్‌లోనే. వేదికలు మూతపడి ఖాళీగా ఉన్న హాస్య కళాకారుడు సమయ్ రైనా యూట్యూబులో చదరంగం ఆడుతూ ప్రత్యక్ష ప్రసారాలు ప్రారంభించాడు. నాసిక్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ విదిత్ గుజరాతి అతనికి తోడయ్యాడు. ఒకరికి ఆట అంతంతమాత్రం, మరొకరికి అది జీవితం. శిష్యుడు మంత్రిని ఊరికే సమర్పించుకోవడం, గురువు తల పట్టుకోవడం, గురువు గాంభీర్యాన్ని శిష్యుడు ఆటపట్టించడం, ఇదే కార్యక్రమం. ఆ తరువాత హాస్య కళాకారుల మధ్యనే ‘కామెడియన్స్ ఆన్ బోర్డ్’ పేరిట పోటీలు జరిగాయి. క్రొయేషియా నుంచి చదరంగం వ్యాఖ్యాత ఆంటోనియో రాడిచ్ వంటివారు కూడా ఈ బృందంతో కలిశారు. ఏనుగు నడక కూడా తెలియని ప్రేక్షకులు నవ్వుకోవడానికి వచ్చి, ఆట నేర్చుకుని వెళ్ళారు. చదరంగాన్ని చూసే ఆటగా మార్చడానికి దశాబ్దాలుగా సమాఖ్యలు పడిన శ్రమ ఒక ఎత్తు, గదిలో ఒంటరిగా కూర్చున్న ఒక నవ్వులాటగాడు చేసిన పని మరొక ఎత్తు.

అగ్రశ్రేణి ఆటగాళ్ళూ ఈ సరదాకు అతీతులు కారు. నేపాలీ తండ్రికి, రష్యన్ తల్లికి పుట్టి నెదర్లాండ్స్ తరఫున ఆడుతున్న అనీశ్ గిరి 2016 మాస్కో కాండిడేట్స్ పోటీలో ఆడిన 14 ఆటలనూ డ్రా చేశాడు. ఆనాటినుంచి ఎక్కడ ఏది సమానంగా ముగిసినా జనం అతని పేరే తలచారు. గిరి కోపగించుకోలేదు. ఆ పరిహాసాన్ని తానే సొంతం చేసుకుని, ట్విట్టరులో మాగ్నస్ కార్ల్‌సన్ వంటి మహామహులతో చురకలు ఇచ్చిపుచ్చుకున్నాడు. తన మీద తాను నవ్వుకోగల వానిని ఎవరు ఓడించగలరు?

నవ్వుల వెనుక లెక్కలు

ఈ కబుర్లకు ఆర్థిక కోణమూ లేకపోలేదు. 2020 ఏప్రిల్‌లో ఆనంద్ ప్రయాణాలు నిలిచిపోయి జర్మనీలో చిక్కుకుపోయారు. అక్కడి నుంచే ఆయన, మరికొందరు భారతీయ క్రీడాకారులు అభిమానులతో ఆన్‌లైన్‌లో ఆడి కొవిడ్ సహాయానికి సుమారు నాలుగున్నర లక్షల రూపాయలు సేకరించారు. మరుసటి సంవత్సరం మే నెలలో రెండవ విజృంభణ వేళ ఆనంద్, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, నిహాల్ సరీన్, ప్రజ్ఞానంద కలిసి ఆడిన ప్రదర్శన పోటీలతో దాదాపు 37 లక్షల రూపాయలు సమకూరాయి. ఆడినవారు డబ్బిచ్చి మరీ ఓడిపోవడం ఇందులోని విశేషం.

2020 ఆగస్టులో జరిగిన ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఈ కొత్త అరుగు బలాన్నీ, బలహీనతనూ ఏకకాలంలో చూపించింది. క్వార్టర్ ఫైనల్లో భారత్‌తో ఆడుతూ ఆర్మీనియా క్రీడాకారుడి కనెక్షన్ తెగిపోయింది. వారి అప్పీలును తోసిపుచ్చడంతో ఆ జట్టు నిరసనగా తప్పుకుంది. సెమీఫైనల్లో పోలండ్ మీద నిర్ణాయక ఆటలో హంపి గెలిచి జట్టును గట్టెక్కించింది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్లో అదే దెబ్బ మనకు తగిలింది. నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్లు తెగి, గడియారాలు పూర్తయ్యాయి. ఈసారి భారత్ అప్పీలు చేయగా ప్రపంచ సమాఖ్య రెండు జట్లనూ విజేతలుగా ప్రకటించింది. రెండు రోజుల తేడాలో వచ్చిన ఆ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆర్మీనియన్లు నొచ్చుకోవడంలో అన్యాయం కనిపించదు. అంతరాయం విస్తృతి వేరన్నది సమాధానం కావచ్చు. అరుగు మీద అయితే ఈ వాదం తెల్లవారేదాకా సాగేది.

అయితే ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి ఉంది. అరుగు మీద స్నేహితుడి చేతులు కనిపిస్తాయి. తెర వెనుక చేతులు కనిపించవు. చరవాణిలోని ప్రోగ్రాము సైతం ప్రపంచ విజేతకంటె బాగా ఆడే రోజులివి. 2021 జూన్ 13న అన్నదాన సంస్థ అక్షయపాత్ర కోసం ఆనంద్ పలువురు ప్రముఖులతో ఏకకాలంలో ఆన్‌లైన్‌లో ఆడారు. సరదా కోసం, పుణ్యం కోసం ఏర్పాటైన ఆట అది. అందులో ఒక యువ పారిశ్రామికవేత్త ఐదుసార్లు ప్రపంచ విజేతను ఓడించేసరికి చూసినవారికి ఆశ్చర్యం కాదు, అనుమానం కలిగింది. మరునాడే ఆయన ఆటను విశ్లేషిస్తున్న వారి నుంచి, కంప్యూటర్ల నుంచి సహాయం పొందానని ఒప్పుకుని, అది తెలివితక్కువ పని అని విచారం వెలిబుచ్చాడు. ఆయన ఖాతాను మూసివేసిన నిర్వాహకులు, ఆనంద్ ఈ విషయాన్ని సాగదీయదలచలేదని చెప్పి, తరువాత పునరుద్ధరించారు. బల్ల మీద ఏది ఉందో దానినే తాను ఆడాననీ, అందరినుంచీ అదే ఆశించాననీ ఆనంద్ అన్నది రెండే ముక్కలు. ఛలోక్తులకు లోటులేని సమూహంలో ఆ రోజు ఆ మాటకు మించి గుచ్చుకున్నది లేదు. మిత్రుడు ఓడితే నవ్వుకోవచ్చు. వానితో ఆడినది వాడు కాదని తెలిస్తే నవ్వు రాదు.

యంత్రానికి అర్థం కాని మాట

యంత్రం అపకారం మరో రూపంలోనూ జరిగింది. 2020 జూన్‌లో రాడిచ్ ఒక గ్రాండ్‌మాస్టరుతో ముచ్చటిస్తున్న ప్రసారాన్ని యూట్యూబు హానికరమైన విషయమంటూ ఆపివేసింది. ఒక రోజులో పునరుద్ధరించింది గాని, కారణం చెప్పలేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆషికుర్ ఖుదాబుఖ్ష్, రూపక్ సర్కార్ ఈ చిక్కుముడి విప్పబోయారు. ఐదు చదరంగం ఛానళ్ళ నుంచి 6,80,000కు పైగా వ్యాఖ్యలు సేకరించి, ద్వేష ప్రసంగాన్ని పసిగట్టే ప్రోగ్రాముల చేత చదివించారు. ద్వేషం అని అవి ముద్రవేసిన వాటిలో వెయ్యి వ్యాఖ్యలను మనుషులు చదివి చూస్తే, 82 శాతం నిర్దోషమైనవని తేలింది. నలుపు తెలుపు మీద దాడి చేసిందనీ, తెలుపుకు ముప్పు ఉందనీ చదరంగంలో అనక తప్పదు. యంత్రం దానిని జాతి వైరమనుకుంది.

పక్కన నిలబడి చూసేవాడు ‘చంపెయ్యి, చంపెయ్యి, గుర్రాన్ని చంపెయ్యి’ అని అరిస్తే అరుగు మీద ఎవరూ ఉలిక్కిపడరు. గుర్రం యజమాని మాత్రం ‘నువ్వు నోరు మూసుకో’ అంటాడు. అతడూ మూసుకోడు.